పొదిలి నీళ్లు, గిండీ నిపుణులు

కనిగిరి, పొదిలి, దర్శి వైపు కొందరు పెద్దవాళ్లకు మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తారు. పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగిపోయిన నడుము. నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బని, అంటే ఫ్లోరోసిస్ అని, ఇప్పుడు ఊళ్లో పిల్లలను అడిగినా చెబుతారు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద వ్యాసం ప్రచురించారు. మన దేశంలో మనుషులకు వచ్చే ఈ జబ్బు గురించి వెలువడిన తొలి నివేదికల్లో అదొకటి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కాబట్టి, అప్పటికి ఈ ప్రాంతమంతా నెల్లూరు కిందే ఉండేది.

ఆ ముగ్గురూ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్లు. షార్ట్ పరాన్నజీవుల మీద పేరు తెచ్చుకున్న డాక్టరు. పండిట్ తర్వాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)ని నడిపారు. రాఘవాచారి నీటి పరీక్షల నిపుణుడు. నాకు ఈ మూడో పేరే ముఖ్యం. డాక్టర్లు మాత్రమే చూస్తే ఇది కీళ్లవాతం అనిపించి ఉండొచ్చు. నీళ్ల సంగతి తెలిసిన మనిషి పక్కన ఉండబట్టి ఎముక నుంచి బావి దాకా దారి దొరికింది. పరికరాలూ నిపుణులూ పల్లెకు అందుబాటులోకి రావడమంటే అదే.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక గిండీ పరాయి రాష్ట్రమైంది. 1958లో జాతీయ పోషకాహార సంస్థ కూనూరు నుంచి హైదరాబాద్‌కు మారింది, 1977లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ అక్కడే మొదలైంది. 2014 తర్వాత హైదరాబాద్ కూడా పక్క రాష్ట్రమే. హైదరాబాద్‌లోని ఈ రెండూ కేంద్ర సంస్థలు, తలుపులు మూసుకోలేదు. అయినా ఒంగోలు నుంచి శాంపిల్ పట్టుకుని ఎటు బయల్దేరినా ఒక రాత్రి ప్రయాణమే.

ఖరీదైన యంత్రాలను అందరూ వాడుకోవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1970ల్లోనే కేంద్రం ఐఐటీ మద్రాసు వంటి చోట్ల ఉమ్మడి పరికరాల కేంద్రాలు పెట్టింది. 2013 ప్రాంతంలో ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పరిశోధన యూనిట్ల పథకం వచ్చింది. 2020 జనవరిలో ఐ-స్టెమ్ పోర్టల్ మొదలైంది: ఏ యంత్రం ఎక్కడుందో చూసి, స్లాట్ బుక్ చేసుకోవచ్చు.

యంత్రం దొరికినంత తేలిగ్గా సలహా దొరకదు. నేను పీజీ చేసే రోజుల్లో థీసిస్ కోసం నలభై సీరమ్ (రక్తం గడ్డకట్టాక వేరుచేసే ద్రవం) శాంపిళ్లు థర్మోకోల్ పెట్టెలో, ఐస్ ప్యాకుల మధ్య సర్దుకుని చెన్నై రైలెక్కాను. దారిపొడవునా టెన్షన్, గంటకోసారి మూత తీసి చూడటం. ల్యాబ్‌లో టెక్నీషియన్ ఒక ట్యూబును వెలుతురుకు ఎత్తిపట్టాడు. లేత పసుపు రంగులో ఉండాల్సిన సీరమ్ గులాబీగా ఉంది. ఎర్రకణాలు పగిలిపోయాయి, పరీక్షకు పనికిరాదు. సన్న సూదితో గట్టిగా లాగడం, రక్తాన్ని ఆలస్యంగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, ఈ రెండు తప్పులూ ఆయన పది నిమిషాల్లో వివరించారు. ఆ పది నిమిషాలు మొదటి సూది గుచ్చకముందే దొరికుంటే నలభై మందికి ఆ నొప్పి వృథా అయ్యేది కాదు. ఆ బాధ నాకింకా పోలేదు.

ఫ్లోరైడ్ పరీక్షే చూడండి. 1966లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ (నీళ్లలో ముంచి ఫ్లోరైడ్‌ను కొలిచే కడ్డీ) వచ్చాక కొలవడం తేలికైంది. కానీ నీళ్లలో అల్యూమినియం, ఇనుము ఉంటే అవి ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటాయి. దాన్ని విడిపించే బఫర్ అనే ద్రావణం కలపకపోతే మీటరు తక్కువ అంకె చూపిస్తుంది. అది తప్పని మీటరు చెప్పదు.

ఇప్పుడు కనిగిరి వైపు కిడ్నీ జబ్బుల మాట గట్టిగా వినిపిస్తోంది. ఎవరైనా పీజీ విద్యార్థి దానికీ నీళ్లకూ సంబంధం ఉందేమో చూడాలనుకుంటే ఒకే బోరు నుంచి కనీసం రెండు సీసాల నీళ్లు పట్టాలి. లోహాల పరీక్షకు వెళ్లే సీసాను ముందే యాసిడ్‌తో కడిగి, నీళ్లు పట్టాక కొన్ని చుక్కల నైట్రిక్ యాసిడ్ వేయాలి. ఫ్లోరైడ్ సీసా ప్లాస్టిక్‌దే కావాలి, అందులో యాసిడ్ చుక్క పడకూడదు. బోరు దగ్గర నిలబడిన ఆ కుర్రాడు ఈ సంగతి అడగాలంటే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?