కోవిడ్ తర్వాత నరాల సమస్యలు: బరంపురం చుట్టుపక్కల వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో నరాల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, గుణుపూర్ నుంచి వచ్చేవాళ్ళలో చాలామందితో నేను మాట్లాడేది తెలుగులోనే. కోవిడ్ వచ్చి ఏళ్ళు గడిచినా, "అప్పట్నుంచీ తలకాయ సరిగ్గా పనిచెయ్యట్లేదు డాక్టరు బాబూ" అంటూ ఇంకా వస్తూనే ఉన్నారు. అలాంటివాళ్ళకి ఇంట్లో కొందరు "అదంతా నీ భ్రమ" అని చెబుతారు, ఇంకొందరు "అన్నిటికీ కోవిడే కారణం" అని తేల్చేస్తారు. రెండు మాటల వల్లా రోగికి నష్టమే.

అపోహ: ఎమ్మారై నార్మల్ వచ్చిందంటే జబ్బు లేనట్టే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే మాట ఇది. బరంపురం పట్టు నేసే ఒకాయన వచ్చారు. అంచులో కుంభం (గుడి గోపురం లాంటి డిజైన్) నేయాలంటే పోగుల లెక్క తప్పకూడదు. ఆయనకి ఆ లెక్క మధ్యలోనే జారిపోతోంది, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది. "నా మాట విన్నట్టే ఉంటారు, కాసేపటికి మళ్ళీ అదే అడుగుతారు" అని ఆయన భార్య చెప్పారు. స్కాన్‌లో ఏమీ లేదని అంతకుముందే ఎవరో చెప్పి పంపేశారట. నేను ఆయన్ని నూరులోంచి ఏడు చొప్పున తీసేస్తూ చెప్పమన్నాను. 93, 86, 79 చకచకా చెప్పారు. అక్కడ ఆగి, "ఎంత దగ్గరున్నాను?" అని నన్నే అడిగారు. జీవితమంతా లెక్కతో బతికిన మనిషి ఆయన.

పక్షవాతం, గడ్డ, రక్తస్రావం లాంటివి ఎమ్మారైలో కనిపిస్తాయి. ఏకాగ్రత తగ్గడం, ఆలోచన నెమ్మదించడం అందులో కనిపించవు. 2022లో బ్రిటన్‌లో ఒక పరిశోధన వెలువడింది. 51 నుంచి 81 ఏళ్ళ మధ్య వయసున్న 785 మందికి రెండుసార్లు మెదడు స్కాన్ తీశారు. ఆ రెండు స్కాన్‌ల మధ్య కాలంలో 401 మందికి కోవిడ్ సోకింది. మిగతావాళ్ళతో పోలిస్తే వీళ్ళలో వాసనకి సంబంధించిన భాగాల దగ్గర మెదడు పొర కొంచెం ఎక్కువ పల్చబడింది. వీళ్ళలో ఎక్కువమందికి వచ్చింది తేలికపాటి కోవిడే. అయితే ఆ తేడా వందల మంది సగటులో తేలింది. ఒక మనిషి ఫిల్ము లైటు ముందు పెట్టి చూస్తే అది దొరకదు. అందుకే "రిపోర్టు నార్మల్" అన్నంత మాత్రాన రోగి చెప్పింది అబద్ధం కాదు.

కోవిడ్ తర్వాత మిగిలిపోయే ఇలాంటి బాధలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులోనే నిర్వచనం ఇచ్చింది. సాధారణంగా కోవిడ్ మొదలైన మూడు నెలలకి కనిపిస్తూ, కనీసం రెండు నెలలు ఉండి, వేరే ఏ కారణమూ దొరకని లక్షణాలని దీని కింద లెక్కిస్తారు. ఆ "వేరే కారణం" సంగతి కింద చెబుతాను.

అపోహ: హాస్పిటల్లో చేరినవాళ్ళకే ఇవి వస్తాయి.

కాదు. ఐసీయూలో చాలా రోజులు ఉన్నవాళ్ళకి కండరాలు, నరాలు నీరసించడం నిజమే. కానీ ఇంట్లోనే పారాసిటమాల్‌తో తగ్గిపోయినవాళ్ళూ నెలల తరబడి బాధపడుతున్నారు.

అపోహ: పనిలో పడితే అదే పోతుంది.

కొందరికి మెల్లగా నడక పెంచితే మేలు చేస్తుంది. ఇంకొందరికి ఇది తిరగబడుతుంది. బాగున్న రోజున పొలం పనంతా చేసేస్తారు, మర్నాడో ఆ తర్వాతి రోజో మంచం మీంచి లేవలేరు. ఇలాంటివాళ్ళు ఒళ్ళు అలిసేదాకా ఆగకుండా, ముందే కూర్చోవాలి. ఏ పని చేస్తే ఎన్ని గంటలకి నీరసం వచ్చిందో రెండు వారాలు రాసుకురమ్మంటాను. ఆ కాగితం నాకు చాలా స్కాన్‌లకన్నా ఎక్కువ చెబుతుంది. నిలబడగానే గుండె దడ, కళ్ళు తిరగడం ఉంటే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి పది నిమిషాల పాటు పల్స్ చూడాలి. బీపీ పడిపోకుండానే పల్స్ నిమిషానికి 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి అలాగే ఉంటే దానికి వేరే చికిత్స ఉంది. దాన్ని "టెన్షన్" అని కొట్టిపారేయకండి.

అపోహ: గ్లూకోజ్ సీసా, ఎర్ర ఇంజెక్షన్ పడితే నరాలకి బలం.

ఆ ఎర్ర ఇంజెక్షన్ బీ12 విటమిన్. ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్ళకి బాగా పనిచేస్తుంది. మాంసం, గుడ్లు, పాలు తినని వాళ్ళలో, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో లోపం ఎక్కువ. లోపం లేనివాళ్ళకి అది డబ్బు దండగ. గ్లూకోజ్ సీసా అయితే నరాలకి ఏమీ చెయ్యదు.

అపోహ: వాసన పోయిందంటే నరం చచ్చిపోయింది, ఇక రాదు.

ఛత్రపురం వైపు మొగలిపువ్వు అత్తరు బట్టీలో పనిచేసే ఒకతనికి కోవిడ్‌లో వాసన పూర్తిగా పోయింది. కొన్ని నెలలకి తిరిగొచ్చింది గానీ తప్పుగా వచ్చింది. పోపులో ఉల్లిపాయ వేగుతుంటే అతనికి మురుగు కంపు. తిండి మానేస్తుంటే ఇంట్లోవాళ్ళు వేషాలనుకున్నారు.

వైరస్ ముఖ్యంగా దెబ్బతీసేది వాసన నరాన్ని కాదు, దాని చుట్టూ ఆసరాగా ఉండే కణాల్ని. అవి మళ్ళీ పుడతాయి. అందుకే ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో వాసన తిరిగొస్తుంది. కంపుగా అనిపించడం చాలాసార్లు కోలుకునే దారిలో వచ్చే దశే. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం ఒక్కొక్కటీ 20 సెకన్ల పాటు, రోజుకి రెండుసార్లు, కనీసం మూడు నెలలు వాసన చూడాలి. ముక్కులో పోసుకోకూడదు, ముక్కు దగ్గర పట్టుకుంటే చాలు. వాసన తెలియనంత కాలం గ్యాస్ లీకయినా, అన్నం పాచిపోయినా ఇంట్లో ఇంకొకరు చూసుకోవాలి.

అపోహ: అంతా వ్యాక్సిన్ వల్లే.

కొన్ని వ్యాక్సిన్ల తర్వాత మెదడు సిరల్లో రక్తం గడ్డలు, జీబీఎస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరాల్ని దెబ్బతీసే జబ్బు) లాంటివి చాలా అరుదుగా వచ్చిన మాట నిజం. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ జబ్బు సోకినప్పుడు గడ్డలు కట్టే ప్రమాదం అంతకన్నా ఎక్కువ. వ్యాక్సిన్ తీసుకున్నవాళ్ళలో దీర్ఘకాలిక లక్షణాల ప్రమాదం తగ్గుతుందని కూడా తేలింది.

అపోహ: కోవిడ్ తర్వాత వచ్చింది ఏదైనా కోవిడే.

పైన చెప్పిన "వేరే కారణం" ఇక్కడే వెతకాలి. మతిమరుపు, నీరసం థైరాయిడ్ వల్లా రావచ్చు, రక్తహీనత వల్లా, దిగులు జబ్బు వల్లా రావచ్చు. రాయగడ, గజపతి, కొరాపుట్ కొండల నుంచి వచ్చిన మనిషికి జ్వరంతో పాటు మాట తడబడితే ముందు మలేరియా పరీక్ష చెయ్యాలి, అదీ ఆ రోజే. మెదడుకెక్కిన మలేరియా తెల్లారేదాకా ఆగదు. పాదాల్లో తిమ్మిరితో మొదలై రోజుల్లోనే బలహీనత తొడలకి, చేతులకి పాకుతుంటే అది జీబీఎస్ కావచ్చు. ఊపిరి తీసే కండరాలదాకా రాకముందే పెద్దాసుపత్రికి చేరాలి.

మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం లక్షణాలు. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. మన దగ్గర ఆ గంటలు పసరు మందుకీ, ఆంధ్రా ఉచిత వైద్యం కార్డు ఒడిశాలో చెల్లుతుందా లేదా అన్న చర్చకీ పోతున్నాయి. కార్డు సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో రాసుకోండి, అక్కడ డాక్టరు మొదట అడిగేది అదే.