సీజియాన్ని పట్టి ఉంచే పుట్టగొడుగు

యూరప్‌లోని పైన్, స్ప్రూస్ అడవుల్లో వేసవి చివరికొచ్చేసరికి ముదురు గోధుమరంగు టోపీతో ఒక పుట్టగొడుగు మొలుస్తుంది. శాస్త్రీయ నామం ఇమ్లేరియా బాడియా, వాడుకలో బే బొలీట్. పోలండ్, జర్మనీ, చెక్ దేశాల్లో జనం ఇష్టంగా ఏరుకొచ్చి వండుకునే రకం.

తిరగేసి చూస్తే టోపీ కింద పొరలు ఉండవు, లేత పసుపు స్పాంజిలాంటిది ఉంటుంది. పక్కపక్కనే ఇరుక్కున్న సన్నని గొట్టాలవి. సిద్ధబీజాలు వాటి లోపలే తయారై కిందికి రాలతాయి. ఆ స్పాంజిని వేలితో నొక్కితే కాసేపటికి అక్కడ నీలం మచ్చ పడుతుంది. కణాలు చితికి, లోపలి పసుపు పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల వచ్చే రంగు అది. నీలంగా మారితే విషమేనని చాలామంది నమ్ముతారు. ఆ లెక్క తప్పు. ఇది నీలమెక్కుతుంది, తినొచ్చు. ప్రాణాలు తీసే డెత్ క్యాప్‌ను ఎంత నలిపినా నీలమెక్కదు!

అసలు విశేషం టోపీ తొక్కలో ఉంది. ఆ గోధుమరంగుకు కారణమైన బాడియోన్, నార్‌బాడియోన్ అనే పదార్థాల నిర్మాణాన్ని జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు స్టెఫాన్, స్టెగ్లిష్ 1984లో ప్రకటించారు. అప్పటికది రంగుల రసాయనానికి సంబంధించిన సంగతి, అంతే. రెండేళ్లు తిరక్కుండానే, 1986 ఏప్రిల్ 26న, చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలింది. గాలిలో కొట్టుకొచ్చిన సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం వానతోపాటు యూరప్ అడవుల్లో కురిసింది.

సీజియం, పొటాషియం ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసకు చెందినవి. గుణాల్లో దగ్గరి పోలిక ఉండటంతో, నేల పైపొరలో అల్లుకున్న శిలీంధ్రపు దారాలు పొటాషియంతోపాటు సీజియాన్నీ పీల్చుకుంటాయి. అలా టోపీకి చేరినదాన్ని నార్‌బాడియోన్ గట్టిగా పట్టేసుకుంటుందని 1989లో తేలింది. అందుకే కాండంలో కన్నా టోపీలో సీజియం ఎక్కువ.

సీజియం-137 సగం తగ్గడానికే దాదాపు 30 ఏళ్లు పడుతుంది. పైగా అడవిలో అది తొందరగా లోతుకు దిగిపోదు. శిలీంధ్రాలు పీలుస్తాయి, అవి కుళ్లాక మళ్లీ పైపొరకే చేరుతుంది. కాబట్టి చెర్నోబిల్ వాన గట్టిగా పడ్డ ప్రాంతాల్లో ఈ పుట్టగొడుగుల్ని ఇప్పటికీ పరీక్షిస్తూ ఉంటారు.

ఎండబెట్టి దాచుకుంటే సరిపోతుందా? పోయేది నీరే, సీజియం కాదు. పుట్టగొడుగు బరువులో దాదాపు తొంభై శాతం నీరే కాబట్టి, ఎండాక కిలోకు వచ్చే రేడియోధార్మికత పదింతల దాకా పెరుగుతుంది. ముక్కలు చేసి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే మాత్రం సీజియం చాలావరకు వాటితోనే పోతుంది, కాస్త రుచి కూడా పోతుందనుకోండి.