తోమా సువార్తను నైసియా సభ దాచిపెట్టిందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బైబిల్ కళాశాలలో ఆదిమ సంఘ చరిత్ర బోధించే నాకు తరగతి ముగిశాకా, సంఘాలలో ప్రసంగం అయ్యాకా, చివరికి పెళ్ళి భోజనాల దగ్గర కూడా తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "అయ్యగారూ, తోమా సువార్తను బైబిల్లోంచి ఎందుకు తీసేశారు?" యేసు మాటలుగా చెప్పే వాక్యాల సంపుటి అయిన ఆ గ్రంథాన్ని అడిగేవారిలో చాలామంది తెరిచి చూసినవారు కారు. ఫోనులో ఎవరో పంపిన వీడియో చూసి, ఇన్నాళ్ళ నమ్మకం అబద్ధమేమోనన్న దిగులుతో వస్తారు. ఆ దిగులు మీద నాకు సానుభూతి ఉంది. దానికి కారణమైన వదంతి మీద మాత్రం ఓపిక లేదు.

అపోహ: క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి అండతో బిషప్పులు నైసియాలో (నేటి టర్కీలోని పట్టణం) సభ తీరి ఓటు వేసి తోమా సువార్తను తొలగించారు, ప్రతులన్నిటినీ తగలబెట్టించారు.

వాస్తవం: నైసియా సభ ముఖ్యంగా చర్చించింది క్రీస్తు తండ్రితో సమానుడు కాడన్న అరియస్ బోధను, ఈస్టర్ తేదీని. ఆ సభ చేసిన 20 నియమాలు ఇప్పటికీ చదువుకోవచ్చు. బైబిల్లో ఏ గ్రంథాలు ఉండాలన్న మాట వాటిలో ఒక్కదానిలోనూ లేదు. తొలగించాలంటే ముందు చేర్చి ఉండాలి కదా! తోమా సువార్తను చేర్చిన కానన్ పట్టిక, అంటే సంఘం అంగీకరించిన లేఖనాల జాబితా, ఏదీ మనకు దక్కలేదు.

సంఘ నాయకులు ఈ గ్రంథాన్ని వ్యతిరేకించిన మాట నిజమే, ఆ సంగతి ఒప్పుకోవడానికి విశ్వాసులు జంకవలసిన పని లేదు. మూడో శతాబ్ది ఆరంభంలో హిప్పోలిటస్ దీన్ని పేరు పెట్టి విమర్శించాడు. యూసేబియస్ తన సంఘ చరిత్రలో దీన్ని తిరస్కరించవలసిన గ్రంథాల వరుసలో చేర్చాడు. 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనేసియస్ తన ఈస్టర్ లేఖలో కొత్త నిబంధన గ్రంథాలు ఇరవై ఏడింటిని పేర్కొని, బయటి రహస్య గ్రంథాల జోలికి పోవద్దని హెచ్చరించాడు. ఇదంతా తరతరాలుగా, అందరి ఎదుటా సాగిన వాదనే గాని, ఒక రాత్రి తలుపులు మూసుకుని చేసిన కుట్ర కాదు.

దొరికిన ప్రతులే ఇందుకు సాక్ష్యం. 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ సమీపంలో రైతులకు ఒక జాడీలో తోలు అట్టల పపైరస్ పుస్తకాలు దొరికాయి. అవి 13 అని పండితుల లెక్క, వాటిలో రెండవదిగా లెక్కించే పుస్తకంలో నాటి ఈజిప్టు భాష అయిన కాప్టిక్‌లో తోమా సువార్త ఉంది. ఆ పుస్తకాలలో మరొకదాని అట్ట గట్టిపడడానికి లోపల అతికించిన పాత పత్రాల మీద 348వ సంవత్సరపు తేదీ ఉంది. అంటే అన్నీ తగలబడిపోయాయని చెప్పే నైసియా సభ ముగిసి ఇరవై ఏళ్ళు దాటినా, అదే ఈజిప్టులో ఇటువంటి గ్రంథాలకు శ్రద్ధగా ప్రతులు రాసి అట్టలు కడుతూనే ఉన్నారు. అంతకుముందే గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు పండితులు ఈజిప్టులోనే ఆక్సిరింకస్ అనే పాత పట్టణపు చెత్తదిబ్బలు తవ్వించి, ఇదే గ్రంథానికి చెందిన గ్రీకు ముక్కలను 1897లోను, 1904లోను ప్రచురించారు. అవి మూడు వేర్వేరు ప్రతులవి. వాటిలో ఒకటి భూముల కొలతల చిట్టా వెనుకవైపు రాసినది. పనికిరాని చిట్టా వెనుక రాసుకున్న చేతిలో రహస్య భాండాగారం ఆనవాళ్ళు నాకు కనిపించవు, చదువుకోవాలన్న ఆశే కనిపిస్తుంది.

ఈ వదంతి ఇళ్ళలో తెచ్చే నష్టాన్ని నేను దగ్గరగా చూశాను. ఒక సంఘ పెద్ద గారి అబ్బాయి, ఇంజినీరింగ్ విద్యార్థి, ఆ వీడియోలు చూసి ఆరాధనకు రావడం మానేశాడు. అది సాతాను గ్రంథమని తండ్రి ఫోను లాక్కున్నారు. ఇంట్లో మాటలు లేవు, తల్లి ఏడుస్తూ నాకు కబురు పెట్టింది. నేను వెళ్ళి ఇద్దరినీ కూర్చోబెట్టి, ఆ గ్రంథాన్నే తెలుగులో చెబుతూ చదివాను. విత్తువాని ఉపమానం, ఆవగింజ, బీదలు ధన్యులన్న మాట వినబడేసరికి, "ఇవి మన సువార్తల్లో ఉన్నవే కదండీ" అన్నారు తండ్రి. మరికొంత చదివాక అబ్బాయి అడిగాడు: "ఇందులో సిలువ ఏది?" నిజంగానే సిలువ మరణ కథనం లేదు. యేసు జననం, అద్భుతాలు, మరణం, పునరుత్థానం, ఏ కథనమూ లేకుండా ఆయన పేర 114 వాక్యాలు మాత్రమే ఉన్నాయి. అందులో దాదాపు సగానికి మత్తయి, మార్కు, లూకా సువార్తలలో పోలికలు కనిపిస్తాయి. క్రీస్తు మరణ పునరుత్థానాలే సువార్తగా ప్రకటించిన సంఘం దీన్ని ఎందుకు స్వీకరించలేదో అర్థం చేసుకోవడానికి ఆ అబ్బాయి ప్రశ్నే మంచి దారి.

ఇక బోధ సంగతి. ఈ వాక్యాల అర్థం కనుగొన్నవాడు మరణం రుచి చూడడని గ్రంథం మొదట్లోనే అంటుంది. రాజ్యం మీ లోపలా ఉంది, బయటా ఉంది అని మూడవ వాక్యం చెబుతుంది. తండ్రి రాజ్యం భూమి మీద పరచుకుని ఉన్నా మనుషులు దాన్ని చూడడం లేదని 113వది చెబుతుంది. నన్ను ఎక్కువగా పట్టుకునేది 97వ వాక్యం. ఒక స్త్రీ కుండ నిండా పిండి పెట్టుకుని దూరపు దారిన ఇంటికి నడుస్తోంది. కుండ పిడి విరిగి, ఆమె వెనుక దారి పొడవునా పిండి రాలిపోతోంది. ఆమెకు తెలియదు. ఇంటికి చేరి కుండ దించి చూస్తే ఖాళీ. తండ్రి రాజ్యం అలా ఉంటుందట. ఈ ఉపమానం మన నాలుగు సువార్తలలో లేదు. ఏమరుపాటుకు హెచ్చరికగానే నేను దాన్ని చదువుతాను, వేరుగా చదివేవారూ ఉన్నారు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కరలేదు. మూడవ వాక్యాన్ని చూపి ఇది అచ్చంగా మన ఉపనిషత్తుల వేదాంతమేననేవారు, అక్కడే "మీరు సజీవుడైన తండ్రి కుమారులు" అన్న మాటను వదిలేస్తున్నారు. బాలయేసు మట్టి పిచ్చుకలకు ప్రాణం పోసిన కథ తోమా బాల్య సువార్త అనే వేరే గ్రంథంలోది. తోమా భారతదేశానికి రావడం మరో గ్రంథమైన తోమా కార్యములలోని కథ. తోమా చెన్నైలోని మైలాపూరులో హతసాక్షి అయ్యాడన్న సంప్రదాయాన్ని గౌరవించేవారు సైతం తోమా సువార్తనూ, తోమా కార్యములనూ కలిపేస్తుంటారు, కాని తోమా సువార్తలో భారతదేశం ఊసే లేదు. స్త్రీలకు సమాన స్థానమిచ్చిన సువార్త ఇదేనని పొగిడేవారు, మరియను పంపివేయమని పేతురు అడిగితే ఆమెను పురుషునిగా చేస్తానని యేసు బదులిచ్చే 114వ వాక్యాన్ని కూడా చదవాలి.

చదవదలచినవారు 9, 20, 54 వాక్యాలతో మొదలుపెట్టి, మత్తయి, లూకా సువార్తలు పక్కన తెరిచి ఉంచుకుని పోల్చుకోండి. తరువాత 97, 113 చూడండి. సింహాన్ని గురించిన ఏడవ వాక్యం దగ్గర పండితులకే ఏకాభిప్రాయం లేదు కాబట్టి, మొదటిసారికి దాన్ని దాటి వెళ్ళినా ఫరవాలేదు.