భార్యాపిల్లల్ని పిలిపించుకోవాలంటే 29,000 పౌండ్లు: బ్రిటన్ నిబంధన వెనుక అరవై ఏళ్ల కథ

బ్రిటన్‌లో స్థిరపడ్డవాళ్లు ఇండియాలో ఉన్న భార్యనో భర్తనో అక్కడికి రప్పించుకోవాలంటే ఏడాదికి కనీసం 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి. మన లెక్కలో 30 లక్షల రూపాయల పైమాటే. 2012 జూలైకి ముందు ఇలాంటి అంకె రూల్స్‌లో ఎక్కడా లేదు. పన్నెండేళ్లలో అది 18,600 నుంచి 29,000కి చేరింది. మధ్యలో 38,700 అన్న ప్రకటన కూడా వచ్చి ఆగింది.

ముందుగా మనవాళ్లలో తరచూ కనిపించే ఒక గందరగోళం సంగతి. వర్క్ వీసా మీద హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, భార్యాపిల్లల్ని డిపెండెంట్లుగా తీసుకెళ్లేటప్పుడు ఈ 29,000తో పనిలేదు. అతని వీసాకు జీతం షరతు ఎలాగూ ఉంటుంది. కుటుంబం కోసం బ్యాంకులో కొంత డబ్బు చూపిస్తే చాలు. మనం మాట్లాడుకునే రూల్ ప్రధానంగా బ్రిటిష్ పౌరులకు, ఐఎల్ఆర్ అనే శాశ్వత నివాస అనుమతి వచ్చినవాళ్లకు. అంటే కొన్నేళ్లు అక్కడ పనిచేసి, పీఆర్ తెచ్చుకుని, ఆ తర్వాత ఇంటికొచ్చి పెళ్లి చేసుకున్న అబ్బాయికో అమ్మాయికో తగిలేది. నిన్నగాక మొన్న వెళ్లినవాళ్లకు లేని పరీక్ష, అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఉండటం ఇందులోని మొదటి వింత.

అసలు కథ 1960లలో మొదలవుతుంది. కామన్వెల్త్ దేశాల నుంచి వలసలకు 1962లో బ్రిటన్ చట్టంతో కళ్లెం వేసింది. అప్పటికే అక్కడున్న మగవాళ్ల భార్యలకు, చిన్న పిల్లలకు మాత్రం దారి తెరిచే ఉంచింది. భర్తల విషయం వేరు. మగవాడు వస్తే ఉద్యోగం వెతుక్కుంటాడు, ఆడమనిషి అయితే ఇంట్లో ఉంటుంది అన్నది ఆనాటి లెక్క. అందుకే 1969లో కామన్వెల్త్ నుంచి వచ్చే భర్తల మీద ఆంక్షలు పెట్టారు. 1974లో సడలించారు. 1977లో దొంగ పెళ్లిళ్లను అరికట్టాలంటూ మళ్లీ బిగించారు.

అనుమానం ఎంత దూరం వెళ్లిందంటే, పెళ్లి చేసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన ఒక మహిళకు 1979 జనవరిలో హీత్రో విమానాశ్రయంలో కన్యత్వ పరీక్ష చేశారు. ఆ సంగతి పత్రికలకెక్కడంతో ఇండియాలో పెద్ద దుమారం రేగింది, బ్రిటన్ ఆ పరీక్షలు మానుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాతి ఆయుధం, ముఖ్య ఉద్దేశం రూల్, మరింత మర్యాదగా ఉండేది. 1980లలో ఉపఖండం నుంచి వెళ్లాలనుకున్న పెళ్లికొడుకులను ఏడిపించింది అదే. ఈ పెళ్లి ముఖ్య ఉద్దేశం బ్రిటన్‌కు రావడం కాదని దరఖాస్తుదారే నిరూపించుకోవాలి. లేదని నిరూపించడం ఎలా? ఇంటర్వ్యూలో కూర్చున్న కుర్రాడు అక్కడ స్థిరపడాలని ఉందంటే దొరికిపోయినట్టే. ఏమీ అనకపోతే, మరి పెళ్లికూతురే ఇక్కడికి ఎందుకు రాకూడదు అని ప్రశ్న. పైగా మీ సంప్రదాయంలో అమ్మాయి అత్తారింటికి వెళ్తుంది కదా, అబ్బాయి ఆమె దగ్గరికి వెళ్లడమేమిటన్న వాదన కూడా తిరస్కరణలకు వాడుకున్నారు. ఇల్లరికం అన్న మాట మనకు ఎంత పాతదో ఆ అధికారులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అదే సమయంలో ముగ్గురు మహిళలు యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. అబ్దుల్ అజీజ్, కబాలెస్, బల్కందాలి అన్న వాళ్ల పేర్ల మీదే ఆ కేసు ఇప్పటికీ తెలుసు. బ్రిటన్‌లో ఉన్న మగవాడు భార్యను సులువుగా తెచ్చుకుంటున్నప్పుడు, తాము భర్తల్ని ఎందుకు తెచ్చుకోకూడదన్నది వాళ్ల ప్రశ్న. ఇది ఆడవాళ్ల పట్ల వివక్షేనని 1985 మేలో కోర్టు తేల్చింది. వాళ్లు గెలిచారు. బ్రిటన్ ప్రభుత్వం ఏం చేసిందంటే, భర్తలకు రూల్ సడలించకుండా, భర్తలకున్న ఆంక్షల్నే భార్యలకూ తగిలించింది. సమానత్వం అలా కూడా వస్తుంది! ముఖ్య ఉద్దేశం రూల్‌ను 1997లో లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చిన వెంటనే తీసేసింది.

డబ్బు సంగతి ఈ అన్నేళ్లూ రూల్స్‌లో ఓ మూలన ఉంది. ప్రభుత్వ బెనిఫిట్స్ మీద ఆధారపడకుండా బతకగలరా అన్నదొక్కటే ప్రశ్న. ఎంత ఉంటే చాలన్నది 2006లో ఇమిగ్రేషన్ ట్రైబ్యునల్ స్పష్టం చేసింది. ఇంటి ఖర్చు పోగా మిగిలేది, ఆదాయం లేని దంపతులకు ప్రభుత్వం ఇచ్చే భృతికి తగ్గకూడదు. ఏడాదికి సుమారు 5,500 పౌండ్లు. బంధువుల సాయం, వచ్చే భార్యకో భర్తకో అక్కడ దొరకబోయే ఉద్యోగం కూడా లెక్కలోకి తీసుకునేవాళ్లు. అంటే కుటుంబం మొత్తాన్నీ చూసి తేల్చేవాళ్లు.

2010లో వచ్చిన కన్జర్వేటివ్ నాయకత్వంలోని సంకీర్ణ ప్రభుత్వం, నికర వలసను, అంటే వచ్చేవాళ్ల లెక్కలోంచి వెళ్లిపోయేవాళ్లను తీసేస్తే మిగిలే సంఖ్యను, ఏడాదికి లక్ష లోపుకు దించుతానంది. అప్పటి హోం సెక్రటరీ (మన హోం మంత్రి లాంటి పదవి) థెరెసా మే. పని వీసాలు, స్టూడెంట్ వీసాలు బిగించాక కుటుంబ వీసాల వంతు వచ్చింది. ఎంత ఆదాయం పెట్టాలో చెప్పమని ప్రభుత్వానికి సలహాలిచ్చే మైగ్రేషన్ అడ్వైజరీ కమిటీని అడిగారు. అడిగిన ప్రశ్న చాలా ఇరుకైనది: ఈ కుటుంబం పన్ను చెల్లించేవాళ్లకు భారం కాకుండా ఉండాలంటే ఎంత సంపాదించాలి? 2011 నవంబర్‌లో కమిటీ 18,600 నుంచి 25,700 మధ్య అంకెలు చెప్పింది. ఒక జంటకు ఆదాయం ఆధారంగా ఇచ్చే బెనిఫిట్స్ పూర్తిగా ఆగిపోయే జీతం 18,600. పిల్లల చదువు, ఆరోగ్యం వరకు అన్ని ఖర్చులూ కలిపినా ఖజానాకు నష్టం రాని జీతం 25,700. తాము ఆర్థిక లెక్క మాత్రమే చూశామనీ, కుటుంబ జీవితం హక్కు సంగతి ఇందులో లేదనీ కమిటీ చెప్పింది. తర్వాత చర్చల్లో ఆ మాట ఎవరికీ గుర్తులేదు, అంకె ఒక్కటే మిగిలింది.

2012 జూలై 9 నుంచి రూల్ అమల్లోకి వచ్చింది. భార్య లేదా భర్త కోసం 18,600. వాళ్లతో పాటు ఒక బిడ్డకూ వీసా కావాలంటే 22,400. ఆపై ఒక్కో బిడ్డకు మరో 2,400. బ్రిటిష్ పౌరసత్వం ఉన్న పిల్లలకు ఈ అదనం లేదు. అంతకుముందు రెండేళ్లకే వచ్చే ఐఎల్ఆర్‌కు గడువు ఐదేళ్లయింది. అప్పటి కనీస వేతనంతో వారానికి 40 గంటలు పనిచేసినా ఏడాదికి 13,000 పౌండ్లు దాటదు. అంటే చట్టప్రకారం ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తున్న మనిషి కూడా చట్టప్రకారం కట్టుకున్న భార్యను తెచ్చుకోలేడు. లండన్‌లో బ్యాంకు ఉద్యోగికి 18,600 అంటే లెక్కే కాదు. ఉత్తర ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో షాపులో పనిచేసే అమ్మాయికి అది అందని ద్రాక్ష.

అంకె కన్నా దాన్ని లెక్కించే తీరే ఎక్కువమందిని దెబ్బతీసిందని నాకనిపిస్తుంది. విదేశంలో ఉన్న భార్య డాక్టరైనా సరే, బ్రిటన్‌లో ఆమె సంపాదించబోయే జీతం లెక్కలోకి రాదు, చేతిలో ఆఫర్ లెటర్ ఉన్నా. స్పాన్సర్, అంటే భార్యనో భర్తనో పిలిపించుకునే మనిషి, ఒకే యజమాని దగ్గర ఆరు నెలల పేస్లిప్పులు చూపించాలి. లేదంటే ఏడాది మొత్తం సంపాదన లెక్కగట్టే ఇంకో దారి. బ్రిటిష్ పౌరసత్వం ఉండి ఇండియాలో భార్యాపిల్లలతో ఉంటున్నవాళ్లు తిరిగి వెళ్లాలంటే సాధారణంగా మరీ కష్టం: ఇక్కడి జీతమే ఆ పౌండ్ల అంకెకు సమానంగా ఉండాలి, అక్కడ మూడు నెలల్లో చేరే ఉద్యోగమూ ఖాయమై ఉండాలి. అందుకే చాలా జంటల్లో ఒకరు ముందుగా వెళ్లి, ఉద్యోగంలో ఆరు నెలలు పూర్తిచేసి, అప్పుడు దరఖాస్తు పెడతారు. ఆ నెలలన్నీ పిల్లలకు నాన్నో అమ్మో వీడియో కాల్‌లోనే. ఇంగ్లండ్ బాలల కమిషనర్ కార్యాలయం 2015లో విడుదల చేసిన నివేదికలో ఇలాంటివాళ్లను స్కైప్ కుటుంబాలు అన్నారు. ఈ రూల్ ప్రభావం పడిన పిల్లలు 15,000 మంది వరకు ఉంటారని అందులో అంచనా వేశారు.

జీతం చాలకపోతే పొదుపు చూపించవచ్చు. మొదటి 16,000 పౌండ్లను పక్కనపెట్టి, తగ్గిన ఆదాయానికి రెండున్నర రెట్లు ఆరు నెలలుగా బ్యాంకులో ఉండాలి. అసలు ఆదాయమే లేనివాళ్లకు అప్పట్లో 62,500 పౌండ్లు, ఇప్పుడు 88,500. సుమారు కోటి రూపాయలు.

అడ్డదారి అనలేం గానీ పక్కదారి ఒకటి ఉండేది. దానికి పేరు కూడా మన దేశస్థుడిదే. సురీందర్ సింగ్ బ్రిటిష్ మహిళను పెళ్లాడి, ఇద్దరూ కొంతకాలం జర్మనీలో పనిచేసి తిరిగొచ్చారు. ఇంకో యూరప్ దేశంలో పనిచేసి వచ్చిన పౌరురాలి భర్తకు యూరప్ చట్టమే వర్తిస్తుందని 1992లో యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత, 18,600 చూపించలేని జంటలు ఐర్లండ్‌కో మరో దేశానికో వెళ్లి కొన్నాళ్లు పనిచేసి, ఆ తీర్పు పట్టుకుని తిరిగొచ్చేవి. బ్రెగ్జిట్‌తో ఆ దారీ మూసుకుపోయింది.

కోర్టుల్లో పోరాటం అయిదేళ్లు సాగింది. 2013లో హైకోర్టు ఈ షరతులన్నీ కలిపి చూస్తే మితిమీరినవని అంది. మరుసటి ఏడాది అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు మధ్యస్థంగా తేల్చింది. కనీస ఆదాయం అడగడం చట్టవిరుద్ధం కాదు, అది వేలమందికి కష్టం తెచ్చిపెట్టినా సరే. కానీ పిల్లల మేలును సరిగ్గా పట్టించుకోలేదు, ఇతర ఆదాయ మార్గాలను చూడటానికి నిరాకరించడమూ సబబు కాదంది. ఆ ఆగస్టులో రూల్స్ మార్చారు. అసాధారణ పరిస్థితులుంటే బంధువుల సాయం, రాబోయే జీతం కూడా చూస్తారు. ఆ అసాధారణాన్ని నిరూపించుకోవడానికి లాయర్ ఫీజు మాత్రం మామూలే.

ఇక 2023. నికర వలస రికార్డు స్థాయికి చేరడంతో రిషి సునాక్ ప్రభుత్వం మీద ఒత్తిడి పెరిగింది. డిసెంబర్ 4న హోం సెక్రటరీ జేమ్స్ క్లెవర్లీ ఈ ఆదాయాన్ని ఒక్కసారిగా 38,700కు పెంచుతున్నట్టు ప్రకటించారు. ఆ అంకె ఎక్కడిది? నైపుణ్య ఉద్యోగుల వీసాకు అదే రోజు ప్రకటించిన కొత్త జీతం. 18,600కు కనీసం బెనిఫిట్స్ లెక్క అయినా ఉంది, ఇది ఇంకో వీసా నుంచి ఎత్తుకొచ్చిన అంకె. అప్పటికే పెళ్లి కుదిరినవాళ్లలో, వీసా పొడిగింపు దగ్గరపడ్డవాళ్లలో టెన్షన్ మొదలైంది. ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కూడా కుటుంబాల మీద దీని ప్రభావం గురించి ఆందోళన చెప్పారు. మూడు వారాలు తిరక్కుండానే ప్రభుత్వం కాస్త వెనక్కి తగ్గింది: 2024 ఏప్రిల్ 11 నుంచి 29,000, ఆపైన 34,500, 2025లో 38,700 అని విడతలు పెట్టింది. పాత రూల్ కింద ఈ వీసా మీద ఉన్నవాళ్లకు 18,600 లెక్కే కొనసాగుతుందనీ చెప్పింది. పిల్లల అదనం మాత్రం తీసేశారు. పాత లెక్కలో నలుగురు పిల్లలకు వీసా కావాలంటే 29,600 అయ్యేది కాబట్టి, కాగితం మీద ఆ కుటుంబానికి కాస్త తగ్గినట్టే.

2024 జూలైలో గెలిచిన లేబర్ ప్రభుత్వం 29,000 దగ్గర ఆపి, మళ్లీ అదే కమిటీని సలహా అడిగింది. 2025 జూన్‌లో నివేదిక వచ్చింది. ఈసారి అడిగిన ప్రశ్న కాస్త వెడల్పుగా ఉండటంతో జవాబూ మారింది. 38,700ను కుటుంబాలకు వర్తింపజేయడం మానవ హక్కుల బాధ్యతలకు పొసగకపోయే అవకాశమే ఎక్కువని కమిటీ అంది. కనీస వేతనానికి మించి సంపాదించనక్కరలేకుండా కుటుంబం నిలబడాలనుకుంటే 23,000 నుంచి 25,000 మధ్య, ఆర్థిక భద్రతకు మరికొంత ప్రాధాన్యం ఇవ్వాలంటే 24,000 నుంచి 28,000 మధ్య పెట్టుకోవచ్చంది. ప్రాంతాన్ని బట్టి వేర్వేరు అంకెలు వద్దనీ, పిల్లలున్నారని పెంచవద్దనీ చెప్పింది. ఈ రెండు అంచనాలూ 29,000 కన్నా తక్కువే. కమిటీ పని సలహా ఇవ్వడం వరకే, నిర్ణయం హోం ఆఫీసుది. ఆ నివేదిక అందాక కూడా రూల్‌లోని అంకె వెంటనే తగ్గలేదు.