మిరపలో ముడత: ముందు ఆకును చూడండి

మిద్దె తోటలో మిరపకు వచ్చే పెద్ద కష్టం ముడత. నారు నాటిన నెలకే చివుళ్లు ముడుచుకుపోతాయి. చేతికందిన వేపనూనె కొట్టేస్తాం. ఒకసారి తగ్గుతుంది, ఇంకోసారి తగ్గదు. కారణం, ముడతలన్నీ ఒకటి కావు. ఏది వచ్చిందో ఆకును చూసి పోల్చుకోవచ్చు.

అంచులు పైకి లేచి ఆకు పడవలా కనిపిస్తే అది పై ముడత, తామర పురుగుల పని. లేత ఆకును గీకి రసం పీలుస్తాయి. గీకిన చోట ఎదుగుదల ఆగుతుంది, మిగతా భాగం పెరుగుతూనే ఉంటుంది, దాంతో ఆకు వంకర తిరుగుతుంది. చివురు కింద తెల్ల కాగితం పట్టి రెండుసార్లు తట్టండి. మిల్లీమీటరు పొడవున్న సన్నటి పురుగులు రాలి పాకుతాయి. పూలను కూడా తట్టి చూడాలి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప చేలను ముంచిన నల్ల తామర పురుగు పూలలోనే చేరుతుంది, పూత రాల్చేస్తుంది.

అంచులు కిందికి వంగి, కాడ సాగి, ఆకు ముదురు పచ్చగా మారితే అది కింది ముడత. దీనికి కారణం తెల్లనల్లి. అది కంటికి ఆనదు, కాగితం మీదా కనిపించదు. అది పురుగు కాదు, సాలీడు జాతికి చెందిన ఎనిమిది కాళ్ల జీవి కాబట్టి పురుగుమందుల్లో చాలావాటికి లొంగదు.

పై ముడతకు లీటరు నీటికి 1500 పీపీఎం (సీసా మీద రాసి ఉండే గాఢత) వేపనూనె 5 మి.లీ., కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. వారానికోసారి, మూడు వారాలు. కింది ముడతకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, చల్లటి వేళ మాత్రమే. ఎండలు మండేటప్పుడు గంధకం కొడితే ఆకు మాడుతుంది. నూనె కొట్టిన రెండు వారాల్లోపు కొట్టినా అంతే. అందుకే గుర్తించకుండా నూనె కొడితే, అసలు కావలసిన గంధకానికి రెండు వారాలు ఆగాల్సి వస్తుంది, ఈలోగా నల్లి మొక్కంతా పాకుతుంది.

ముడిచిన ఆకు మళ్లీ విచ్చుకోదు. మందు పనిచేసిందో లేదో కొత్త చివుళ్లలో చూడాలి. యూరియా ఎక్కువైతే చివుళ్లు మరీ లేతగా వచ్చి పురుగును పిలుస్తాయి. పన్నెండు అంగుళాల కుండీకి నెలకో గుప్పెడు వర్మీకంపోస్టు చాలు.

ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారితే అది బొబ్బర, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు. మొక్కను సంచిలో మూసి పీకేయండి. మళ్లీ వేసే నారును మొదటి నుంచీ సన్నకన్నుల నైలాన్ వల కింద పెంచండి.