గ్రేడ్ వన్నే కదా అని ఫైలు మూసేయకండి

అపోహ: "స్కానింగులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్నే, ఎస్‌జీపీటీ (రక్తంలో చూసే లివర్ ఎంజైము) నార్మల్. ఇక లివర్‌కి ఢోకా లేదు."

విశాఖ మహారాణిపేట ల్యాబుల నుంచి చెకప్ ఫైలుతో వచ్చేవాళ్లలో సగం మంది మాట ఇదే. కొంపముంచేదీ ఇదే. స్కానింగు గ్రేడు చెప్పేది కొవ్వు ఎంత పట్టిందన్నది మాత్రమే. ఫైబ్రోసిస్, అంటే లివర్ మచ్చలుపడి గట్టిపడటం, బాగా ముదిరితే తప్ప మామూలు అల్ట్రాసౌండుకి దొరకదు. ఎస్‌జీపీటీ అయితే, జబ్బు ముదిరేకొద్దీ దిగి నార్మల్‌లోకి వచ్చేయడమూ ఉంది.

చూడాల్సింది ఫిబ్-4, ఫైబ్రోసిస్ ముప్పుని అంచనా వేసే స్కోరు. కొత్త పరీక్షేం కాదు, సరుకంతా మీ ఎల్ఎఫ్‌టీ (లివర్ పరీక్ష), సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టుల్లోనే ఉంటుంది. వయసుని ఎస్‌జీఓటీతో (ఇదీ ఒక ఎంజైమే) గుణించండి. ఎస్‌జీపీటీ వర్గమూలాన్ని ప్లేట్‌లెట్లతో గుణించి, ఆ వచ్చినదాంతో మొదటి లెక్కని భాగించండి.

58 ఏళ్లు, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు అనుకుందాం. రిపోర్టులో ఒక్క ఎర్ర గుర్తూ ఉండదు. ఫిబ్-4 మాత్రం 2.42! అదే 42 ఏళ్లు, గ్రేడ్ త్రీ, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 81, ప్లేట్‌లెట్లు 2.8 లక్షలు: ఫిబ్-4 0.8 అంతే. భయపడి నిద్ర మానేసేది ఈ రెండో మనిషే, పాపం.

ప్లేట్‌లెట్లు 1.6 లక్షలుంటే వేలల్లో 160 అని వేయాలి. 1.6 అని కొట్టేసి "242 వచ్చింది" అని గుండెలు బాదుకుంటారు.

ఫిబ్-4 స్కోరు 1.3 లోపు (వయసు 65 దాటితే 2 లోపు) ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. షుగరున్నవాళ్లు ఏడాది, రెండేళ్లకోసారి మళ్లీ చూసుకోవాలి. 2.67 దాటితే లివర్ డాక్టరు దగ్గరికే. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్), మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. అందులో 8 కిలోపాస్కల్స్ లోపు వస్తే ఊరట. ఫైబ్రోసిస్ చూడటానికి ఈఎల్ఎఫ్ అనే రక్తపరీక్ష కూడా ఉంది.

అపోహ: "ఫిబ్-4 ఎక్కువొచ్చింది, సిర్రోసిస్ (మచ్చలతో లివర్ పూర్తిగా దెబ్బతినడం) ఖాయం." కాదు. ఫిబ్-4 జబ్బు లేదని చెప్పడంలో దిట్ట, ఉందని తేల్చడంలో అంత కాదు. విశాఖలో వానాకాలం డెంగీ తగిలిందంటే ప్లేట్‌లెట్లు పడిపోయి, ఎస్‌జీఓటీ ఎగబాకి లెక్కంతా తారుమారవుతుంది. కోలుకున్నాక మళ్లీ చేయించండి. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే మందు) ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపుకట్టినా కౌంటు తక్కువగా కనిపిస్తుంది, స్మియర్ (సూక్ష్మదర్శినిలో రక్తం చుక్క) చూడమని అడగాలి. ముందురోజు జిమ్‌లో విరగబడి బరువులెత్తినా ఎస్‌జీఓటీ పెరుగుతుంది. 35 ఏళ్ల లోపువాళ్లకి ఈ స్కోరు నమ్మదగ్గది కాదు.

"మందు ముట్టను, నాకు ఫ్యాటీ లివర్ ఎందుకొస్తుంది?" షుగరు, పొట్ట ఉంటే చాలు.

"బయాప్సీ (లివర్ ముక్క తీసి చూడటం) తప్పదట." చాలామందికి అక్కర్లేదు. రెండు పరీక్షలు రెండు రకాలుగా చెప్పినప్పుడు, వేరే లివర్ జబ్బు అనుమానం ఉన్నప్పుడు అడుగుతారు.