ఖాళీ గదిలో ఫ్యాన్ ఎవరి కోసం?

పిల్లలూ,

మొన్న మీరంతా ఆడుకోడానికి బయటికెళ్ళాక హాల్లో ఫ్యాన్ ఊరికే తిరుగుతుంటే నేను ఆపేశాను, అది చూసి చిన్నోడు గుమ్మం దగ్గర్నుంచే "తాతయ్యా ఆపకు, మేం వచ్చేసరికి గది చల్లగా ఉండాలి కదా" అన్నాడు. అప్పుడేం చెప్పలేదు కానీ ఆ మాట నా బుర్రలోనే ఉండిపోయింది, ఎందుకంటే పెద్దవాళ్ళలో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. నాన్నా, ఫ్యాన్ గదిని చల్లబరచదు. మనిషిని చల్లబరుస్తుంది, అంతే.

నేను చెప్పానని నమ్మక్కర్లేదు, మీరే చూడండి. గోడకి తగిలించే థర్మామీటర్ ఉంటుంది కదా (జ్వరం చూసేది కాదు), దాన్ని ఫ్యాన్ కింద పెట్టి, తలుపులూ కిటికీలూ వేసి, ఒక పావుగంట ఫుల్ స్పీడ్‌లో తిప్పండి. అంకె తగ్గదు. ఇప్పుడు థర్మామీటర్ కింద బొడిపెలా ఉంటుంది చూడండి, దానికి తడిగుడ్డ చిన్న ముక్క చుట్టి మళ్ళీ అదే ఫ్యాన్ కింద పెట్టండి. ఈసారి గబగబా దిగుతుంది, గాలి పొడిగా ఉన్న రోజైతే చాలా డిగ్రీలు దిగుతుంది, ముసురు పట్టిన రోజైతే కొంచెమే.

మన ఒళ్ళు కూడా ఆ తడిగుడ్డ లాంటిదే. చెమట ఆవిరవ్వాలంటే దానికి వేడి కావాలి, ఆ వేడిని మన చర్మం నుంచి లాక్కుంటుంది, ఒక్క గ్రాము చెమట ఆవిరైపోతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది (సైన్సు కేలరీలు, తిండి ప్యాకెట్ మీద రాసేవి వీటికి వెయ్యి రెట్లు). పైగా చర్మాన్ని అంటుకుని వెచ్చటి గాలి ఒక పల్చటి పొరలా నిలబడి ఉంటుంది, ఫ్యాన్ దాన్ని తోసేసి కొత్త గాలిని తెస్తుంది. గదిలో మనిషే లేకపోతే చెమటా లేదు, ఆ పొరా లేదు, ఇంక ఫ్యాన్ చేసేదేముంది? పైగా మోటార్ తినే కరెంటంతా చివరికి ఆ గదిలోనే వేడిగా మిగులుతుంది, అంటే చిన్నోడు అనుకున్నదానికి పూర్తిగా రివర్స్.

ఇక్కడ ఒకటి జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా వేడెక్కితే ఫ్యాన్ మన మీదికి తోసేది వేడి గాలినే, అప్పుడు చెమట ఒక్కటే దిక్కు. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్‌ని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. అలాంటప్పుడు ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకోవాలి, నీళ్ళు తాగుతుండాలి, వీలైతే చల్లటి చోటికి వెళ్ళిపోవాలి, ముఖ్యంగా పసిపిల్లలూ నాలాంటి ముసలివాళ్ళూ.

ఇంక బిల్లు సంగతి, ఇది పెద్దమ్మాయికి నచ్చుతుంది, లెక్కలంటే ఇష్టం కదా. మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో 75 వాట్ల దాకా లాగుతుంది. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్, అంటే ఫ్యాన్ పదమూడు గంటల పైన తిరిగితే గానీ ఒక యూనిట్ అవ్వదు. అదే 1500 వాట్ల ఏసీ కంప్రెసర్ ఆగకుండా నడిస్తే 40 నిమిషాల్లో ఒక యూనిట్! అందుకే ఏసీ ఉన్నవాళ్ళకి నేను చెప్పేది, రెండూ కలిపి వాడండి, ఫ్యాన్ వేసుకుని ఏసీని 24 బదులు 26 మీద పెట్టండి, ఒంటికి తేడా తెలీదు, కానీ కంప్రెసర్ చాలా తక్కువ పనిచేస్తుంది.

కొత్తగా బీఎల్‌డీసీ ఫ్యాన్లని వస్తున్నాయి (బ్రష్‌లెస్ డీసీ అనే వేరే రకం మోటార్ ఉంటుంది వీటిలో), అవి 30 వాట్లతోనే దాదాపు అంతే గాలి ఇస్తాయి. రోజుకి 12 గంటలు వేస్తే నెలకి పాతదానికి 27 యూనిట్లు, దీనికి 11 లోపే. నాలుగు గదులుంటే ఎంతవుతుందో పెద్దమ్మాయే లెక్కేసి చెప్పాలి. రెగ్యులేటర్ కూడా చూడండి, చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉండే పాత పెద్ద డబ్బా అయితే స్పీడ్ తగ్గించినా కరెంట్ పెద్దగా తగ్గదు, మిగిలినదంతా ఆ డబ్బాలోనే వేడిగా పోతుంది, మార్చేయమని నాన్నకి చెప్పండి.

రెక్కల మీద దుమ్ము పేరుకుంటే గాలి తగ్గుతుంది, ఒక రెక్క మీద ఎక్కువ పేరుకుంటే ఊగుతుంది కూడా. తుడవడం పెద్దవాళ్ళ పని, మీరు స్టూల్ ఎక్కొద్దు. తుడిచినా నెమ్మదిగానే తిరుగుతుంటే చాలాసార్లు మోటార్ తిరగడానికి సాయపడే కెపాసిటర్ వీకైపోయి ఉంటుంది, అది చిన్న పార్టే, ఎలక్ట్రీషియన్ ఐదు నిమిషాల్లో మారుస్తాడు, ఆ మాత్రానికి ఫ్యాన్ పారేయక్కర్లేదు.

బాగా చలి ఉండే దేశాల్లో ఫ్యాన్‌కి ఉల్టా తిరిగే స్విచ్ ఉంటుంది తెలుసా, వేడి గాలి పైకెళ్ళి సీలింగ్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఫ్యాన్‌ని రివర్స్‌లో మెల్లగా తిప్పి ఆ వేడిని గోడల పక్క నుంచి కిందికి దింపుకుంటారు.

థర్మామీటర్ నా బీరువా పక్కన మేకుకి వేలాడుతోంది, తీసుకోండి. తడిగుడ్డ పెట్టకముందు ఎంత, పెట్టాక ఎంత, రెండూ నోట్‌బుక్‌లో రాసి నాకు చూపించండి, ముసురు రోజు ఒకసారి, ఎండ రోజు ఒకసారి.

మీ తాతయ్య